ఎక్కడ ఆగుతుందో

ఏప్రిల్లో పిల్లి
కిటికీ గట్టు మీది పెరుగు డబ్బాల్ని పడదోసింది.
నారు బతికింది. పేర్లే పోయాయి.
అట్టముక్కల మీది రాతలు తడికి అలుక్కుపోయి
పంతొమ్మిది మొక్కలు,
ఎవరి పిల్లలో చెప్పలేని మొక్కలు.

పై అంతస్తు స్కైద్రీతె ఇదే డౌగవ్‌పిల్స్‌లో
ముప్పైయొక్కేళ్లు ట్రామ్ నడిపింది.
ఇప్పుడామెకు మిగిలిన రహదారి బాల్కనీ, రెండు బారలు కూడా లేదు.
పొడుగు టమాటాకి అక్కడ చోటు లేదు.
పొట్టి రకం ఒక్కటే కావాలామెకి,
డిపోలో బోల్టులు బిగించే విటోల్డ్
పాత టికెట్లో మడిచి ఇచ్చిన గింజలది.
"కాయ పండాక చూస్తే సరి" అన్నాడతను ఫోన్లో,
"పేరు నాకూ గుర్తులేదు."

పండుదేముంది, ఎరుపంతా ఎరుపే.
ఆగస్టు దాకా ఎవరు కూర్చుంటారు?

కళ్లద్దాలు తుడుచుకుని కొలత మొదలుపెట్టింది,
ఆకుని కాదు, ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీని.
కొన్నిటికి కణుపుల నడుమ బొటనవేలు పడుతుంది,
అప్పుడే సన్నబడి వెలుగు కోసం మెడలు చాస్తున్నాయి.
కొన్నిటికి చిటికెనవేలి గోరు కూడా పట్టదు,
మెట్లన్నీ ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చున్నట్టు.
ఆకు మందం, నల్లపచ్చ,
ఉతికి ఇస్త్రీ చెయ్యని గుడ్డలా ముడతలు.
వేలెడు మొక్కకి పెన్సిలంత కాండం.
ఎందుకంత కండ?

అలాంటివి నాలుగు. ఎండ పక్కకి జరిపింది.
మిగతావి మెట్ల మీద పెట్టి
'కావలసినవాళ్లు తీసుకోండి' అని చీటీ అంటించింది.
ఒకటి నేనే తెచ్చుకున్నాను.
ఇప్పుడది మా కర్టెన్ కమ్మీ పట్టుకుని వేలాడుతోంది.

పూర్తిగా చీకటి పడని జూన్ రాత్రుల్లో
మొదటిది జానెడెత్తున
కొసకి పూగుత్తి పెట్టి ఆగిపోయింది.
తలే పువ్వైపోయాక ఇక పైకి దారేది?
పక్కల నుంచి పిలకలొచ్చాయి, వాటికీ అదే బుద్ధి.
ఆమె గిల్లలేదు.
గిల్లితే కాయడానికి ఏం మిగులుతుంది.
రెండోదీ అంతే. మూడోదీ.

నాలుగోది మోసం చేసింది.
అదే ముడత, అదే నలుపు, అదే లావు,
కానీ పువ్వులు పక్కకి, మూడాకులకోసారి.
కొస మాత్రం తొందర లేకుండా, వారానికి రెండు వేళ్లు,
ఎక్కుతూ ఎక్కుతూ
జూలైకి బాల్కనీ కమ్మీ దాటింది.
"పొట్టిది కాదు, నిదానపుది" అంది స్కైద్రీతె,
రూటు తప్పిన కొత్త డ్రైవర్ని చూసినట్టు చూసి.

లిఫ్టు లేని ఐదంతస్తులూ ఎక్కి
విటోల్డ్ వచ్చాడొక ఆదివారం.
మనిషి ఆమె భుజందాకా వస్తాడు.
జానెడు మొక్కల వంక కన్నెత్తలేదు.
నాలుగోదాని ఆకు నలిపి వాసన చూసి
"ఇదే" అన్నాడు.
"అమ్మ దీన్ని తలుపు వారన చీపురు కర్రకి కట్టేది."
"పొట్టి రకమన్నావు?"
"నాకంటే పొట్టిదే అన్నాను."

నమ్మాలో లేదో. రెండో నంబరు ట్రామ్
ఎటు తిరిగేదో కూడా అతను తప్పే చెబుతాడు.
మరి ఆ మూడూ ఎవరివి? ఏ కవర్లోంచి వచ్చాయి?
పిల్లికే తెలియాలి.

అతను వెళ్లాక కొత్త అట్టముక్కలు కత్తిరించింది.
మూడింటి మీద రాసింది: 'ఇక్కడ ఆగుతుంది.'
నాలుగోదాని మీద కాసేపు పెన్సిల్ ఆనించి
'చూడాలి' అని రాసి,
కట్టడానికి చీపురు కోసం లేచింది.