ఎనభై ఒకటి

ఊటుకూరు దాటినాక, ఉప్పుకాలవ పక్కన
రెండెకరాల రొయ్యల చెరువు.
నీళ్ళమీద నాలుగు ఏరేటర్లు.
రాత్రి తొమ్మిదికి చెంచమ్మ స్విచ్చులేస్తుంది,
తెల్లారి ఆరింటికి తీసేస్తుంది.
ఆ తొమ్మిది గంటలూ
నీళ్ళకింద ఎన్ని లక్షల ప్రాణాలో
కరెంటుతో ఊపిరి పీల్చుకుంటాయి.

ఆమెకు లెక్క నేర్పింది నేనే.
స్తంభం దిగి మంచినీళ్ళడిగిన రోజున
చెంబు చేతికిస్తా అడిగింది:
"అబ్బయ్యా, ఈ యూనిట్టంటే ఏంది?
దోసెడా, మానికా, తట్టా?"

వాట్లంటే ఎంత ఆకలి,
గంటలంటే ఎంతసేపు తినింది,
రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే
వచ్చేది యూనిట్టు, అన్నాను.
కాసేపు చెరువుకేసి చూసి
"అట్టయితే మానికే" అనింది.
లైన్‌మన్‌గా పదకొండేళ్ళ సర్వీసు నాది.
కాదనలేకపోయాను.

ఖాళీ మేత బస్తా తిరగేసి
బొగ్గుముక్కతో కూర్చుంది.
ఒక్కో మోటారు రెండు గుర్రాలు.
"నీళ్ళల్లో గుర్రాలేంది అబ్బయ్యా?"
అదంతా వదిలెయ్, పదిహేనొందల వాట్లు వేసుకో, అన్నాను.
నాలుగింటికి ఆరువేలు.
తొమ్మిది గంటలకు యాభై నాలుగు వేలు.
మూడు సున్నాలు చెరిపితే యాభై నాలుగు యూనిట్లు.
రూపాయిన్నర లెక్కన
రాత్రికి ఎనభై ఒక్క రూపాయి.

ఆ తర్వాత, నేను చెప్పకముందే,
తన గుడిసెలో బల్బుకూ లెక్క కట్టింది.
తొమ్మిది వాట్లు. తొమ్మిది గంటలు.
"నాదీ ఎనభై ఒకటే వచ్చిందే!"
మొహమంతా వెలిగింది.
ఇక్కడా వెయ్యితో భాగించాలని గుర్తుచేశాను.
బొగ్గు ఆగిపోయింది.
పన్నెండు పైసలు.
బల్బుకేసి చూసింది,
ఎంతకీ ఎదగని చంటిబిడ్డను చూసినట్టు.

నెల తిరిగింది.
మాలకొండారెడ్డి బుల్లెట్టు గట్టుమీద ఆపి
దిగకుండానే బిల్లు ఊపాడు.
"పద్దెనిమిదొందలా!
గుడిసెలో హీటరు పెట్టినావా, ఫ్రిజ్జు పెట్టినావా?"

చెంచమ్మ లోపలికిపోయి బస్తా తెచ్చింది.
ముప్ఫై పొద్దులు, ముప్ఫై బొగ్గు గీతలు.
"మోటార్లకు పదహారొందల ఇరవై, రెడ్డయ్యా.
నా బల్బుకు రెండున్నర. అది నా కూలిలో పట్టుకో.
తతిమ్మా నూట డెబ్భై ఏడున్నర నాది కాదు.
రోజూ పొద్దున మీటరు చూస్తుండా.
యాభై నాలుక్కి అరవై తిరగతా ఉండాది.
ఒక్క రాత్రి తగ్గలా, ఒక్క రాత్రి పెరగలా.
దొంగయితే ఒకనాడన్నా నిద్రపోడా?"

తొమ్మిదవకముందే మోటార్లన్నీ వేయించింది.
అరగంటాగి, ఆపించి, మోకాటిలోతు నీళ్ళలో దిగి
ఒక్కోదాని వీపుమీద చెయ్యి పెట్టింది,
జొరం చూసినట్టు.
మూడోదాని దగ్గర చెయ్యి లాక్కుంది.

ఇరుసు విప్పాను.
చుట్లు చుట్లుగా నైలాన్ దారం.
కొంగలు వాలకుండా చెరువుమీద
రెడ్డి కట్టించిందే, గాలికి తెగి.
పిడికెడు దారం అతని చేతిలో పెట్టాను.
బిల్లులాగే దాన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఏమన్నా అంటాడని నిలబడ్డాం.
బండి స్టార్టు చేసుకుని పోయాడు.

నేనూ బయల్దేరబోతుంటే
"మడిసికి ఎన్ని వాట్లబ్బయ్యా?" అనింది.
ఊరకే కూర్చున్న మనిషికి వందని
ఎక్కడో చదివిన గుర్తు. చెప్పాను.
ఈసారి బొగ్గు తీయలేదు. వేళ్ళమీదే లెక్కేసుకుంది.
"రాత్రంతా మేలుకుంటే తొమ్మిదొందలు.
యూనిట్టుకు ఇంకా వంద తక్కువే."

తడి చెయ్యి చీరకొంగుకు తుడుచుకుని
స్విచ్చుబోర్డు కేసి నడిచింది.
తొమ్మిదయింది.