ఫారం లేని మందు

రువీల మా టైలర్ షాపుకు కిటికీ లేదు.
నాకు అదొక్కటే మేలు.
ఎండ వచ్చి ఎడమ కణతల దిగినప్పుడు
ట్యూబ్‌లైటు బందు చేసి
కటింగు బల్ల కింద
గుడ్డ పీలికల మీద పంట.
మొక్లెస్ భాయ్ నా మిషన్ గూడ తనే తొక్కుతడు.
ఆ చప్పుడు
నా పుర్రెకే కాజాలు కుడుతున్నట్టుంటది.

ముందుగాల వెలుగు వంకరపోతది.
సూది బెజ్జం రెండైతది.
తెల్ల దిష్‌దాషా అంచు మీద
రంపం పండ్ల లెక్క ఒక మెరుపు పాకుతది.
అప్పటికెల్లి ఇరవై నిమిషాలు:
దారం తెంపి, కత్తెర మూసి,
బకెట్టు దగ్గర పెట్టుకునేంత టైము.
నెలకు పదకొండు రోజులు.
గోడ మీద సుద్దముక్కతోని లెక్క రాస్తే
సేటు తుడిచిండు.

పోయిన సెలవుల
కరీంనగర్ల నళినాక్షి డాక్టరమ్మ
చీటి మీద 'విజయ' అని రాసింది.
ఎవలామె అని నవ్విన.
గంజాయాకు తైలం, అన్నది,
లైసెన్సున్న కంపెనీది, బిల్లుంటది, భయపడకు.
బిల్లుతోని పోతదా భయం?
మా దిక్కు ఆ మాటకు
పోలీసు జీపే యాదికొస్తది.
మందుల షాపాయన మాత్రం
దగ్గుమందు ఇచ్చినట్టే కవర్ల ఏసి ఇచ్చిండు.

నాలుక కింద నాలుగు చుక్కలు.
పచ్చిగడ్డి వాసన, ఎనకనుంచి చేదు.
మాయ ఏం జరగలే.
నొప్పి వచ్చింది,
కానీ చెప్పులు బయట విడిచి వచ్చింది.
నలభై రోజుల్ల నాలుగుసార్లే.
నీ రెండు కండ్లు ఒక్కతీరుగ తెరిచుండంగ
ఇదే సూసుడు, అన్నది భూలక్ష్మి.

సూట్‌కేసు సదిరే రాత్రి
మామిడి తొక్కుల పెడితే ఎవలు చూస్తరన్నది.
చూస్తరన్న.
చీటి ఉన్నది గదా అన్నది.
చీటి సముద్రం దాటదన్న.
శంషాబాద్ దాక మందు,
మస్కట్ల దిగితే కేసు.
నడుమ మూడు గంటలు,
అదే సీసా, అదే నూనె.
ఆమె ఇంకేం అనలే.
సీసా తీసి బియ్యం డబ్బాల పెట్టింది.

ఇక్కడికొచ్చి అడగకపోలే.
క్లినిక్కుల మిస్రీ డాక్టరు
ఆ పేరు వినంగనే లేచి తలుపేసిండు.
మంచోడే. గొంతు తగ్గించి
ఈ గదిల అన్నవ్, ఇంకో గదిల అనకు, అన్నడు.
గోలీలు మార్చిండు.
ఒక్కోటి రెండు రియాళ్ళు.
సగంసార్లు పని చేస్తది,
సగంసార్లు బకెట్టే.

టైపింగ్ సెంటర్ల సుధాకరన్‌ను గూడ అడిగిన.
వీసాకు ఫారం, సిమ్ముకు ఫారం,
శవాన్ని ఇంటికి పంపుదామంటే గూడ
మూడు కాపీల ఫారం,
దీనికి లేదా అని.
కీబోర్డు మీదికెల్లి చేతులు తీసి
కొంచెంసేపు నా మొఖం చూసిండు.
చాయ్ తెప్పిచ్చిండు.

తప్పెవలదో నేను చెప్పలేను.
ఇక్కడి చట్టం ఇక్కడి పిల్లల కోసం చేసుకున్నరు.
ఆ పొగల పడి చెడిన పోరగాండ్లను
మా వాడకట్టుల నేనూ చూసిన.
కానీ పొగకూ చుక్కకూ నడుమ
దారప్పోగంత సందున్నా చాలు,
ఎక్కించుడు నాకొస్తది.

నిన్న వీడియోల భూలక్ష్మి సీసా చూపింది.
ఇంకా సగమున్నది.
లేబులు మీది సన్నక్షరాలు
నేనే పట్టి పట్టి చదివిన.
గడువు మార్చి దాక.
నా సెలవు ఆగస్టుల.
పారబోయాల్నా? అన్నది.
వద్దన్న.
ఎందుకు వద్దన్ననో నాకూ తెల్వదు.

ఇయ్యాల కస్టమ్స్ వాళ్ళ యూనిఫారాలొచ్చినయి,
అరవై జతలు.
ఎడమ జేబు పక్కన
కలానికని ఒక సన్నటి అర.
టేపు పెట్టి కొలిచిన:
బొటనవేలంత వెడల్పు, నడిమివేలంత లోతు.
సరిగ్గ ఆ సీసా పట్టేంత.
ఇరవైరెండు అరలు కుట్టిన,
రెండు వరుసల కుట్టు, గట్టిగ.
ఇరవైమూడోదాని కాడ
సూది బెజ్జం రెండైంది.