వాలుగ దవడ

మా పొందూరులో పత్తిని చేప పళ్లతో దువ్వుతామంటే
కొత్తవాళ్లు నవ్వుతారు.
వాలుగ దవడ, అరచేతిలో ఇమిడేది,
పళ్లు కంటికి సరిగా ఆనవు.
గింజ మీది పత్తిని దాంతో గీస్తూ కూచుంటే
నలుసు పోతుంది,
నలుసుతో పాటు కాస్త మంచి పోగూ పోతుంది.
"పోనీ గుంటా, అంతా ఉంచుకుంటే నూలు రాదు"
అనేది మా అత్త.

మొదటిసారి చిలకపాలెం దగ్గర, బస్సులో పడిపోయాను.
లేచేసరికి నా గుప్పిట్లో తాళాలగుత్తి,
ఎవరింటివో.
రెండోసారి రాట్నం ముందే. కదురు వంగిపోయింది.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పొడుగు మాత్ర రాశారు,
పొద్దుట ఒకటి, రాత్రి ఒకటి.
మూర్ఛ ఆగింది.
నిజం చెప్పాలి కదా, ఆగింది.

మూడో వారానికి కొబ్బరి పచ్చడి రుచి పోయింది.
తర్వాత మా గుంటడి నవ్వు రుచి.
ఇరవయ్యేళ్లు కదురు పాట విని బతికినదాన్ని,
అదిప్పుడు చెవి దగ్గర ఈగ.
ఏడుపు కాదు. ఏడుపైతే నాకు తెలుస్తుంది.
వానకి తడిసిన ఏకు లాంటిది,
లాగితే సాగదు, వదిలితే ఊడదు.
ఒకరోజు నాగావళి వంతెన మీద బస్సు ఆగితే
నీళ్లకేసి ఎంతసేపు చూశానో,
పక్కనావిడ నా జబ్బ పట్టుకుని
"ఏటమ్మా, ఏటైనాది?" అంది.
ఏమీ కాలేదు.
భయం వేసింది అందుకే.

ఇంట్లో తలా ఒక మాట.
గాలి సోకిందన్నారు. దిష్టి అన్నారు.
మా ఆయన ఏమీ అనలేదు,
చిలపలు రెండుసార్లు లెక్కపెట్టి ఊరుకున్నాడు.
అసిరితల్లి వదిన మాత్రం
"మానీవే ఆ మాత్రలు, నానైతే ఇసిరికొడుదును" అంది.
డబ్బాని గూట్లో వెనక్కి తోశాను.
ఒక్క పూట.
రాత్రి గోడ మీద నా చేతి నీడ వణికితే
మళ్లీ ముందుకు లాక్కున్నాను.

డాక్టరమ్మ పేరు తేజోవతి. చిన్నపిల్ల,
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంది.
ఫిట్సు గురించి అడిగింది, రాసుకుంది,
పెన్నుకి మూత పెట్టాక
"మనసెలా ఉంటోంది?" అంది.
మూత పెట్టాక అడిగింది కాబట్టే చెప్పాను,
వంతెన సంగతి కూడా.
మళ్లీ మూత తీసింది.

మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురంపుతుందట.
కబుర్లన్నీ ఒక్కసారే మీద పడితే మూర్ఛ.
ఈ మందు కబుర్లని తగ్గిస్తుంది,
ఏది చెడ్డదో ఏది మంచిదో దానికి తెలీదు.
"అందరికీ ఇలా కాదు, కొందరికి.
నువ్వు చేసిన తప్పేం లేదు.
నీ అంతట నువ్వు మానకు, ఫిట్సు తిరగబడతాయి.
ఇంకోటి మొదలుపెట్టి దీన్ని మెల్లగా దించుదాం.
వంతెన ఆలోచన మళ్లీ వస్తే మాత్రం
తారీఖు కోసం చూడకు, ఆ రోజే రా."

బయటికొచ్చి బెంచీ మీద కూచుని
పిచ్చిదానిలా నవ్వాను.
వాలుగ దవడ!

నయమైపోయిందని రాయను.
ఖాదీ సంఘం పాసుపుస్తకం వెనక పేజీలో
రోజుకో గీత పెడుతున్నాను.
నిలబెట్టిన గీత, నేను నిలబడ్డ రోజు.
పడుకున్న గీత, పడుకున్న రోజు.
పడుకున్నవి వరసగా మూడైతే
మా ఆయన నన్నేమీ అడక్కుండా
ఆసుపత్రికి ఫోను చేస్తాడు. అది మా ఒప్పందం.

చెడ్డ తలపు వచ్చినప్పుడు పైకే అడుగుతాను,
"నువ్వు నా మాటవా, మందు మాటవా?"
అది చెప్పదు.
కాని అడిగినంతసేపూ
అడిగేదాన్ని ఒకదాన్ని ఉంటాను కదా.

నిన్న ఏ గీత పెట్టాలో తోచక వాలుగా పెట్టాను.
దారం ఏడుసార్లు తెగింది.
తెగినచోట మేం ముడి వెయ్యం,
కొసలు రెండూ పక్కపక్కన పడుకోబెట్టి
చక్రాన్ని మెల్లగా తిప్పుతాం,
నిద్రపోయే పిల్లాడి ఊపిరంత మెల్లగా.

మధ్యాహ్నం పచ్చడిలో ఉప్పెక్కువైంది.
ఎక్కువైందని
నాకే ముందు తెలిసింది.