సాక్షి

గొట్టం పట్టేది డాక్టరమ్మ.
పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు జారకుండా
దవడ కింద చెయ్యి పెట్టేదాన్ని నేను.
పదకొండేళ్లలో ఈ అరచేతిలో
ఎన్ని దవడలు వణికాయో.

ఈవేళ దుంపల గన్నెమ్మ.
పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి.
పిక్కనూనె తినేసిన వేళ్లు, గోళ్లదాకా నలుపు.
ఆక్సిజన్ చూసే క్లిప్పు ఏ వేలికి తగిలించినా
మిషను మొరాయించింది.
చివరికి కమ్మ తీసి చెవితమ్మెకి పెట్టాం.

గొట్టం కొత్తది. ఐదొందల రెట్లు చేసి చూపిస్తుందట
శ్రీకాకుళంలో ఇదే మొదటిసారి.
నీలిమందు రెండు చుక్కలు వదిలింది డాక్టరమ్మ,
తెల్లచొక్కాలకి పెట్టే నీలిలాంటిదే.
తెరమీద గులాబీ గోడ దగ్గరికొచ్చింది,
ఇంకా దగ్గరికి,
గోడ కాస్తా గుంటలు గుంటలుగా విడిపోయింది,
గుంటల మధ్య జిగురు,
జిగురులో

"కదలకండి" అంది డాక్టరమ్మ.
ఎవరితో అందో.

మెలితిరిగిన పోగులు.
మరమేకుల్లా తమని తామే తిప్పుకుంటూ
ఒకటి అటు, రెండు ఇటు,
నాగావళి కొత్తనీటికి ఎదురెక్కే పరిగెపిల్లల్లా.
ఇన్నేళ్లూ అద్దంపలక మీద
చచ్చి రంగుపట్టినవే చూశాను.
ఇవి వాటి ఇంట్లో ఉన్నాయి.
లైటు పట్టుకుని, చెప్పకుండా వచ్చింది మేమే.

గన్నెమ్మ కళ్లు తెరవైపు తిరిగాయి.
ఓకరించడం కూడా మర్చిపోయింది.

మూతి తుడుస్తుంటే, మొద్దుబారిన నాలికతో:
"అవి నాయేనేటమ్మా?"
నీవే.
"ఎన్నాళ్లయి?"
చిన్నప్పటినుంచే అయ్యుంటుందంది డాక్టరమ్మ,
అందరూ ఒకే గిన్నెలో తిన్నప్పటినుంచి.
కాసేపాగి అడిగింది:
"మరి నాకు తిండి నేని రాత్రులు
అవేటి తిన్నాయి?"

డాక్టరమ్మ చీటీ రాస్తోంది.
నేను రింగు కడుగుతున్నాను.
కడిగిందే కడుగుతున్నాను.

పద్నాలుగు రోజులు, మూడు రకాలు, మధ్యలో మానకూడదు.
తలూపింది. చీటీ మడిచి జాకెట్లో దోపుకుంది.
ఫొటోల కాగితం మాత్రం మడవలేదు.
"మేస్త్రీకి సూపించాల.
నొప్పని ఆరేళ్లనుంచి సెప్తన్నాను,
పనిదొంగనంటాడు.
మా గుంటడి బాబు గేసంటాడు."

వెలుగుకేసి ఎత్తిపట్టి చూసింది.
"ఈ కాయితంలో తిరగవేటి?"
తిరగవు.
"మరెలాగ నమ్ముతారు?"

నేను ట్రేలోంచి కమ్మ తీసి
ఆవిడ చెవి పట్టుకుని, చిల్లు వెతుకుతున్నాను.
"నువ్వు సూసినావు కదమ్మా."

చూశాను, గన్నెమ్మా.