మూడింట రెండొంతుల మనిషి

బెండిగోలో జనవరి అంటే
నీడకి కూడా చెమటపట్టే నెల.
ఈతకొలను టికెట్ల కిటికీలో నేను,
నా నెత్తిన కీచుమనే ఫ్యాను.

మూడింటికి కరెంటు పోయి వచ్చేసరికి
టికెట్ల మెషీనుకి మతిమరుపు పట్టింది.
ఎవరెవరొచ్చారో ఒక్కటీ గుర్తులేదు దానికి.
మిగిలింది రెండే:
తిరుగుడు గేటు మీద అంకె, నూట నలభై మూడు తలలు;
కార్డులూ సొరుగూ కలిపితే ఏడువందల పన్నెండు డాలర్లు.
పెద్దలకి ఏడు, పిల్లలకి నాలుగు.
"పెద్దలెందరో పిల్లలెందరో రాసిపెట్టు,
రేపు కౌన్సిల్‌కి పంపాలి" అని
మేనేజరు మోయిరా తాళాలు గలగలమనిపిస్తూ వెళ్ళిపోయింది.

లైఫ్‌గార్డు డార్సీ వచ్చి నిలబడ్డాడు,
కాళ్ళ కింద చిన్న మడుగు చేసుకుంటూ.
"రెండూ తెలియనప్పుడు ఎలా తెలుస్తాయి?"
పదహారేళ్ళు వాడికి.
ఎక్స్ అంటే పడదు, వై అంటే అసలే పడదు.

ఒకటి తెలియకపోతే ఒక మాట చాలు బాబూ,
రెండు తెలియకపోతే రెండు మాటలు కావాలి.
ఒకే మాటని తిప్పి చెప్తే కుదరదు.
తలల లెక్క ఒక సాక్షి, డబ్బు లెక్క ఇంకో సాక్షి.
విడివిడిగా అడిగావా, ఇద్దరూ నీళ్ళు నములుతారు.
ఎదురెదురుగా కూర్చోబెట్టు,
అప్పుడు చూడు.

టికెట్ చుట్ట చింపి వెనక రాశాను:
ముందు, వచ్చినవాళ్ళందరూ పిల్లలే అనుకో.
వాడు నవ్వాడు.
నేను కొలను వైపు చూశాను.
బట్టతలాయన ముక్కు మూసుకుని దూకుతున్నాడు.
ఇద్దరు అమ్మమ్మలు మొహాల మీద నీళ్ళు చిమ్ముకుంటున్నారు.
అనుకోవడం పెద్ద కష్టమేం కాలేదు.

నూట నలభై మూడు నాలుగులు, ఐదువందల డెబ్బై రెండు.
మిగిలిన నూట నలభై,
పిల్లలు కానందుకు పెద్దలు కట్టిన జరిమానా,
తలకి మూడు చొప్పున.
భాగించాను.
నలభై ఆరుగురు పెద్దలు,
ఆపైన మూడింట రెండొంతుల మనిషి.

"అది నేనేనేమో" అన్నాడు డార్సీ,
గడ్డం రాని గడ్డం తడుముకుంటూ.

మళ్ళీ చేశాను. తీసివేతలో తప్పు లేదు.
గుణకారంలోనూ లేదు.
పెన్సిలు కొరుకుతుంటే గుర్తొచ్చింది.

పదకొండు గంటలప్పుడు,
కాలే తారు మీద చెప్పుల్లేకుండా
ఒక పాదం ఎత్తి ఇంకో పాదం దించుతున్న పిల్ల.
అరచేతిలో చెమటకి అంటుకుపోయిన చిల్లర,
మొత్తం మూడు డాలర్లు.
వెనక పెద్ద క్యూ.
లెక్కపెట్టినట్టు నటించి "పో" అన్నాను.
గేటు గిర్రున తిరిగింది.
ఎవరూ చూడలేదనుకున్నాను.
సమీకరణం చూసింది.

నా పర్సులోంచి బంగారు రంగు నాణెం ఒకటి
చప్పుడు కాకుండా సొరుగులో వేశాను.
నలభై ఏడు. తొంభై ఆరు.
రిజిస్టరులో ముత్యాల్లా కూర్చున్నాయి,
వాటికేమీ తెలియనట్టు.

"మరి ఆ డాలరు ఎక్స్‌లోకి వస్తుందా, వైలోకా?"
డార్సీ వదల్లేదు.

విజిల్ ఊదే టైమైంది పొమ్మన్నాను.
ఎత్తు పలక చివర, ఎండకి కందిన భుజాలతో
ఆ పిల్ల ఎన్నోసారో మరి,
వేళ్ళు ముడిచి, కళ్ళు మూసుకుని నిలబడింది.
విజిల్ వినపడేలోపు దూకేసింది.