రోగి పేరు: పొట్టేలు

మూడు కంపెనీలు మూడు పలకలు పంపినాయి.
బైరెడ్డిపల్లె ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో
బల్ల మీద పక్కపక్కనే పెట్టినాను,
కొత్తగా బళ్లో చేరిన పిల్లల పలకల్లాగా.
బలపం గీత పడదు వీటి మీద.
ఎముక నీడ పడతాది.

శరవణన్ మద్రాసు నుంచి వచ్చినాడు, ఎండలో టై కట్టుకొని.
మైక్రాన్లంటాడు, పిక్సెళ్లంటాడు,
జర్మనీ గాజంటాడు, ఐదేండ్ల వారంటీ అంటాడు.
నేనడిగేవి వేరే.
కిందపడితే?
చెమట కారితే?
చీమలు దూరితే?
ఏనుగు విసిరేసిన రైతును కదపలేక
నడుం కిందికి దీన్ని తోస్తే
ఎంత బరువు మోస్తాది?
ఆయన బ్రోచరు తిప్పుతాడు, తిప్పుతాడు.
చీమల పేజీ లేదు.

కమిటీలో ముగ్గురం.
పెద్దాయనకు అన్నిట్లోకీ ఖరీదైంది కావాల,
రిబ్బను కత్తిరించేటప్పుడు బాగుంటాదని.
అకౌంటెంటుకు అన్నిట్లోకీ చవకది కావాల,
ఆడిటు వాళ్లకు నోరు లేవదని.
నాకేం కావాలో నాకే తెలీదు.
గంగులప్ప మాత్రం గుర్తొస్తా ఉండాడు.

అప్పుడు మాకుండేది ఫిల్మ్.
కడిగి, దండేనికి ఆరేసి,
కిటికీకి అడ్డం పట్టి
సెల్లుతో ఫోటో తీసి తిరుపతికి పంపేవాణ్ణి.
క్వారీలో రాయి కొట్టే గంగులప్ప రొమ్మును అట్లే పంపినాను.
కుడి ఊపిరితిత్తి పైకొన మీద
కిటికీ ఊచ నీడ.
దాని వెనక ఏముందో
నాకూ కనపళ్లేదు, డాక్టర్ షమీమ్‌కూ కనపళ్లేదు.
"ఇంకోటి తీసి పంపు" అని రాసింది.
అప్పటికే ఆయన ఆఖరు బస్సెక్కినాడు.
మళ్లీ వచ్చింది ఏడు నెలలకు.
అప్పుడింక ఊచను తిట్టుకునే పని లేదు.
అంతా తెలుపే.

అందుకే ఆదివారం పొద్దున్నే
మస్తాన్ అంగడికి పోయి
పొట్టేలి ముందరి కాలు కొన్నాను.
"ముక్కలు కొట్టొద్దు. కత్తి తిరగేసి ఒక్క దెబ్బ.
విరగకూడదు, చిట్లాల."
"నలభై ఏండ్లుగా కొడతా ఉండా,
ఇట్లా అడిగినోణ్ణి నిన్నే చూస్తి" అన్నాడు.

మూడు పలకల మీదా అదే కాలు, అదే దూరం.
కంప్యూటరు రోగి పేరు అడిగింది, ఖాళీ వదలనీదు.
పొట్టేలు, అని కొట్టినాను.
వయసు ఒకటిన్నర. మగ.
ఏది ఏ కంపెనీదో చెప్పకుండా పంపినాను.
బయట వాన. టవరు సిగ్నలు ఒక్క గీత,
ఒంటికాలి కొంగ.

చవకది నిమిషంలో పోయింది.
బొమ్మను నలిపి, చిన్నది చేసి, మూట కట్టి.
"ఎముక బాగుంది. ఏమీ లేదు."

రెండోది పదకొండు నిమిషాలు.
"సన్న చీలిక, నడిమికి కాస్త కింద.
ఇంతకీ ఎవరయ్యా ఈ రోగి? ఇది మనిషి కాలు కాదే!"

జర్మనీది నా తెర మీద చూస్తే
ఎముక లోపలి జల్లెడ కన్నాలు కూడా ఎంచొచ్చు.
అరవై రెండు శాతం కాడ ఆగింది.
కరెంటు పోయింది. వచ్చింది.
మళ్లీ ఒకటి నుంచి.
తెల్లారి ఆమెకు ఫోన్ చేసి బొమ్మను పొగడబోయినాను.
"చేరనిది ఎంత బాగుంటే నాకేం, చెంగల్రాయుడూ!"

రెండో పలకని రాసినాను.
మిగిలే డబ్బుకు బ్యాటరీలు, ఇంకో కంపెనీ సిమ్ము,
రబ్బరు తొడుగు,
చీమల మందు.
కారణం అనే గడి మాత్రం అట్లే ఉండాది.
పొట్టేలని రాస్తే నవ్వుతారు.
గంగులప్పని రాస్తే
ఏ ఫైలు, ఏ నంబరు అంటారు.

ఆ ఆదివారం రాత్రి, మూడోది ఇంకా పోతా ఉండగానే,
మునెమ్మ ఆ కాలును పులుసు పెట్టింది.
సంగటిలో నంజుకుంటా
ఎముకను బల్బు కింద తిప్పి తిప్పి చూసినాను.
మస్తాన్ ఎక్కడ కొట్టినాడో నాకు తెలుసు.
అయినా కంటికి ఆనలేదు.
గోటికి తగిలింది.