చివరి అక్షరం తినే పేజీ

రుస్తావిలో మా తొమ్మిదంతస్తుల ఇంటికి
ఒక లిఫ్టు ఉంది, దానికి ఆకలి ఉంది.
పది తెత్రీల బిళ్ళ వేస్తేగానీ కదలదు.
వేశాక కూడా, బుద్ధి పుడితేనే.

నాలుగో అంతస్తు త్సోత్నెకి పదహారేళ్ళు.
బయట దొరికే మీమ్ యంత్రాలన్నీ
మా జార్జియన్ అక్షరం చూడగానే
ఖాళీ డబ్బాలు పేర్చి చేతులు దులుపుకుంటున్నాయని
ఒక ఆదివారం అలిగి
తనే ఒక పేజీ కట్టుకున్నాడు.
బూడిదరంగు నేల.
పైమాటకో గడి, కిందిమాటకో గడి,
బొమ్మ ఎక్కించే చోటు, ఒక్క మీట.
మీట మీద "అంటించు" అని ఉంటుంది,
అదీ కాస్త వంకరగా.

నేను దరేజాన్‌ని. తొమ్మిదిలో ఉంటాను,
కోట్లకు అస్తరు వేస్తాను.
గుండీ కుట్టినంత తేలిక పిన్నీ, చూడు, అన్నాడు.
తలుపు సగం తెరిచి నిలబడ్డ లిఫ్టు ఫొటో పెట్టి
పైన కొట్టాను: పది తెత్రీలు మింగింది.
కింద: ఐదో అంతస్తులో కక్కింది.
అంటిస్తే వచ్చింది:
ఐదో అంతస్తులో కక్కిం

చివరి అక్షరమేదిరా?
కింది గడి తినేస్తోంది పిన్నీ,
ఎందుకో తెలీదు, వెతుకుతున్నా,
అన్నాడు చెవులు ఎర్రబడి.

వాడు వెతికేలోపే
మెట్ల మీద ఉల్లివేపుడు వాసనలా
ఫోను నుంచి ఫోనుకి పాకింది.
ఇంటిపేర్ల తోకలు తెగాయి,
కపనాడ్జె కాస్తా కపనా అయ్యాడు.
పెరట్లో పిల్లలు తెగిన మాటే మాట్లాడారు:
ఆకలేస్తోం. బంతి పోయిం.
బిళ్ళల పెట్టె తాళంచెవి మెళ్ళో వేసుకు తిరిగే ముర్మాన్
మా తలుపు దబదబా బాది
"ఇది నాకు అవమా" అన్నాడు.
తన మాట తనకే వినబడి
గుమ్మంలోనే కూలబడి నవ్వాడు.
లిఫ్టు మాత్రం బాగవలేదు.

మే నెలలో త్సోత్నెకి తప్పు దొరికింది.
ఎక్కడో లెక్కలో ఒకటి తక్కువట.
దిద్దేశాడు.
మాటలన్నీ ఇస్త్రీ పంట్లాముల్లా
నిండుగా, నిటారుగా వచ్చాయి.
వారం తిరక్కుండా ఎవరూ ఏమీ అంటించడం మానేశారు.

ఏడో అంతస్తు పీమెన్
ముప్ఫై ఏళ్ళలో లిఫ్టుకి ఒక్క బిళ్ళ వేయలేదు.
కొలిమి ముందు నిలబడి అరిగిన కాళ్ళు,
ఇంకాస్త అరిగితే కొంపేం మునిగింది, అనేవాడు
ప్రతి మలుపులో ఆగి, దగ్గి.
నవంబరులో పోయాడు.
పేటిక లిఫ్టులో పట్టలేదు.
నిలబెడదామన్నారెవరో, లామారా ఒప్పుకోలేదు.
ఆరుగురు భుజాల మీద
పదమూడు మలుపులు తిప్పి దింపారు.
ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దగ్గారు.

నలభయ్యోనాడు దాటాక
లామారా ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చింది.
అందులో మెట్లు, భుజాలు, పేటిక ఒక మూల.
నాక్కూడా ఒకటి చేసిపెట్టు, అంది.
ఆమె చెప్పింది, నేను కొట్టాను.
పైన: లిఫ్టులో పట్టలేదు.
కింద: పోతూ కూడా పది తెత్రీలు మిగిల్చాడు.

చాలాసేపు చూసింది.
ఆ చివరి డు తీసెయ్, అంది.
అది ఉంటే ఎవరో ఆయన గురించి చెబుతున్నట్టుంది.

చేత్తో చెరిపేద్దునుగానీ
ఎందుకో చెయ్యాడలేదు.
కిందికి వెళ్ళి త్సోత్నెని లేపాను.
వాడు ఆవలిస్తూ, ఏమీ అడక్కుండా,
ఆ పాత తప్పుని వెతికి మళ్ళీ పెట్టాడు.
లామారా కళ్ళజోడు సవరించుకుని
తన వేలితోనే మీట నొక్కింది.

పోతూ కూడా పది తెత్రీలు మిగిల్చా

ఓరి పిసినారీ, అంది తెరతో,
కొంగు లేని ఊళ్ళో
చేతిగుడ్డ వెతుక్కుంటూ.
నేను అస్తరు ముక్కొకటి ఇచ్చాను.